ఒక్క అక్షరం మారిన ప్రోటీన్‌ని ఏఐ టూల్స్‌తో ఎలా పరిశీలించాలి: బీసీహెచ్ఈ జీన్ ఉదాహరణగా

సీక్వెన్సింగ్ రిపోర్ట్ వచ్చింది, అందులో ఒక జీన్‌లో ఒక అమైనో ఆమ్లం మారిందని రాసి ఉంది. ఇప్పుడు మీరేం చేస్తారు? చాలామంది చేసేది ఒకటే: ప్రోటీన్ ఆకారాన్ని ఊహించే ఆల్ఫాఫోల్డ్ తెరిచి రంగురంగుల బొమ్మ స్క్రీన్‌షాట్ తీసుకుంటారు, మార్పు హానికరమా అని అంచనా వేసే ఆల్ఫామిస్సెన్స్ స్కోరు చూస్తారు, ఆ రెండూ థీసిస్‌లో పెట్టేసి "ఈ మార్పు హానికరం అని ఏఐ ద్వారా నిర్ధారించాం" అని రాసేస్తారు. దయచేసి అలా రాయకండి. ఆ టూల్స్ చాలా గొప్పవి, వాటి వెనక ఉన్న పనికి 2024లో కెమిస్ట్రీ నోబెల్ కూడా వచ్చింది (ఆల్ఫాఫోల్డ్‌కి డెమిస్ హసాబిస్, జాన్ జంపర్; మిగతా సగం ప్రోటీన్ డిజైన్‌కి డేవిడ్ బేకర్), కానీ వాటిని ఏ వరుసలో వాడాలి, ఏ ప్రశ్న అడగాలి, ఎక్కడ ఆగాలి అన్నది మన చేతిలో ఉంది.

ఇది ఎమ్మెస్సీ, ఎం.ఫార్మ్ ప్రాజెక్టులు చేసేవాళ్లకీ, కొత్తగా పీహెచ్‌డీలో చేరినవాళ్లకీ, రీసెర్చ్ మీద ఆసక్తి ఉన్న డాక్టర్లకీ రాస్తున్నాను. మామూలు ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ ఉంటే చాలు. గాల్లో చెప్పడం ఇష్టం లేదు కాబట్టి ఒకే ఒక్క ఉదాహరణ తీసుకుని చివరిదాకా దానితోనే నడుస్తాను.

ఉదాహరణ ఏంటంటే బ్యూటిరిల్‌కోలినెస్టరేస్. ల్యాబ్ రిపోర్టుల్లో సూడోకోలినెస్టరేస్ అని కూడా చూసి ఉంటారు. జీన్ పేరు బీసీహెచ్ఈ. ఆపరేషన్ థియేటర్‌లో గొంతులోకి ట్యూబ్ వేసే ముందు కండరాలు వదులవడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు, దాన్ని స్కోలిన్ అంటారు. మందు నిమిషంలోపే పట్టేస్తుంది, కాసేపట్లో, అంటే సుమారు పది నిమిషాల్లోపు దిగిపోతుంది. అంత తొందరగా దిగడానికి కారణం రక్తంలో ఉన్న ఈ ఎంజైమే, అది మందుని ముక్కలు చేసేస్తుంది. ఎంజైమ్ పనిచేయని మనిషికి అదే డోసు ఇస్తే కండరాలు గంటల తరబడి కదలవు, తనంతట తాను ఊపిరి తీసుకోలేడు, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాల్సిందే. మిగతా జీవితమంతా ఆ మనిషి పూర్తి ఆరోగ్యంగానే ఉంటాడు. ఆ మందు పడేదాకా తెలిసే దారే లేదు.

ఆర్య వైశ్య కుటుంబాల్లో ఈ లోపం మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువగా కనిపిస్తుందని మన దగ్గర మత్తు డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు. 2006లో కోయంబత్తూరు పరిశోధకులు వైశ్యుల్లో ఈ జీన్‌లో ఒక మార్పుని ప్రచురించారు: 307వ స్థానంలో ల్యూసిన్ ఉండాల్సిన చోట ప్రోలిన్. 2017లో సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకున్న దక్షిణాసియా జన్యు అధ్యయనం ఒకటి వచ్చింది. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే సమూహాల్లో కొన్ని జన్యు మార్పులు ఎలా పోగుపడతాయో చెప్పడానికి అందులో వైశ్యుల్నే ఉదాహరణగా చూపించారు. ఇందులో ఏ సమూహానికీ చిన్నతనం లేదు, మన దేశంలో చాలా సమూహాల్లో ఇలాంటిదేదో ఒకటి ఉండొచ్చు, వైశ్యుల విషయంలో అది ముందుగా తెలిసింది, అంతే.

సరే, ఈ ల్యూసిన్-ప్రోలిన్ మార్పే ఇవాళ మీ రిపోర్ట్‌లో వచ్చిందనుకుందాం.

ముందు ప్రశ్న రాసుకోండి

కంప్యూటర్ తెరవకముందే నోట్‌బుక్‌లో ఒక వాక్యం రాయండి. "ఈ మార్పు హానికరమా?" అన్నది ప్రశ్న కాదు, దానికి ఏ టూలూ జవాబివ్వలేదు. ప్రోటీన్ ఒక అమైనో ఆమ్లం వల్ల పాడవడానికి వేరువేరు దారులున్నాయి: మడత సరిగా పడక కణంలోనే నాశనమైపోవచ్చు, మడత బాగానే పడినా మందుని పట్టుకునే చోటు దెబ్బతినొచ్చు, లేదా పక్క ప్రోటీన్‌తో అతుక్కోవాల్సిన చోటు మారొచ్చు. ఒక్కో దారికి ఒక్కో టూల్. మన ఉదాహరణకి ప్రశ్న ఇలా ఉంటుంది: "307లో ప్రోలిన్ వస్తే ప్రోటీన్ స్థిరంగా నిలబడుతుందా, లేక నిలబడినా సక్సినైల్‌కోలిన్‌ని విరగ్గొట్టే చోటు దెబ్బతింటుందా?" ఈ రెండు ముక్కలూ వేరు అని గుర్తుంటే సగం పని అయిపోయినట్టే.

స్థానం నంబర్ సరిచూసుకోండి (ఇది దాటేయకండి)

నా దగ్గరికి సలహా కోసం వచ్చే ప్రాజెక్టుల్లో అన్నిటికన్నా ఎక్కువగా గల్లంతయ్యేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చెప్తాను.

బీసీహెచ్ఈ ప్రోటీన్ తయారైనప్పుడు 602 అమైనో ఆమ్లాలుంటాయి. ముందున్న 28 సిగ్నల్ పెప్టైడ్, ప్రోటీన్ కణం బయటికి వెళ్లే దారిలో అది తెగిపోతుంది, రక్తంలో తిరిగేది మిగిలిన 574. పాత పేపర్లన్నీ ఈ 574ని ఒకటి నుంచి లెక్కపెట్టాయి. ఇప్పటి జన్యు డేటాబేస్‌లు మొత్తం 602ని లెక్కపెడతాయి. అంటే పేపర్‌లో 307 అన్నది క్లిన్‌వార్‌లో (జన్యు మార్పుల మీద ల్యాబ్‌లు ఇచ్చిన తీర్పుల డేటాబేస్), యూనిప్రాట్‌లో (ప్రోటీన్ల డేటాబేస్), ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్‌లో 335. మీరు ఆల్ఫాఫోల్డ్ మోడల్‌లో 307కి వెళ్లి చూస్తే అక్కడ వేరే అమైనో ఆమ్లం కనిపిస్తుంది. కొన్ని టూల్స్ "అక్కడ ల్యూసిన్ లేదు" అని ఎర్రర్ ఇచ్చి ఆపేస్తాయి, అది మన అదృష్టం. కానీ కొన్నింటికి స్థానం, కొత్త అక్షరం ఇస్తే చాలు, పాత అక్షరం అడగవు, మారుమాట లేకుండా తప్పు చోటుకి అందమైన జవాబిచ్చేస్తాయి.

కాబట్టి ఇలా చేయండి. యూనిప్రాట్‌లో మనిషి బీసీహెచ్ఈ పేజీ (పీ06276) తెరవండి, సీక్వెన్స్ కాపీ చేసుకోండి. 335వ అక్షరం ల్యూసినేనా చూడండి. తర్వాత ఇంకో గుర్తుతో సరిచూడండి: ఈ ఎంజైమ్‌లో అసలు పనిచేసే సెరిన్ పాత లెక్కలో 198, కొత్త లెక్కలో 226, దాని చుట్టూ గ్లైసిన్-గ్లుటమేట్-సెరిన్-అలనిన్-గ్లైసిన్ అనే వరుస ఉంటుంది. ఆ వరుస మీ సీక్వెన్స్‌లో వెతికి, మధ్యలో ఉన్న సెరిన్ 226 దగ్గర పడిందంటే మీ లెక్క కుదిరినట్టే. రెండు నిమిషాల పని. ఒక చిన్న టేబుల్ చేసుకుని పాత నంబర్, కొత్త నంబర్ పక్కపక్కన రాసి ల్యాప్‌టాప్ పక్కనే పెట్టుకోండి.

ఇది ఈ ఒక్క ప్రోటీన్ గొడవే కాదు. సికిల్ సెల్ మార్పుని అందరూ పాఠాల్లో ఆరో స్థానం అని చదువుకున్నారు, కానీ మొదటి మెథియోనిన్‌ని కూడా కలిపి లెక్కపెట్టే డేటాబేస్‌లలో అది ఏడు. ఏ ప్రోటీన్ తీసుకున్నా ఈ పని తప్పదు. అలాగే డీఎన్ఏ స్థానం ఇచ్చి వెతుకుతుంటే మీ రిపోర్ట్ జీనోమ్ బిల్డ్ (మనిషి జీనోమ్ రెఫరెన్స్ వెర్షన్) 37 మీదా 38 మీదా అన్నది కూడా చూసుకోండి, రెండింట్లో స్థానాలు వేరు.

ఇప్పటికే తెలిసింది ఏంటో పోగుచేయండి

ఇప్పుడు యూనిప్రాట్‌లో ఆ ప్రోటీన్ గురించి ఉన్నదంతా చదవండి, క్లిన్‌వార్‌లో ఈ మార్పు ఉందా, ఎవరు ఏ ఆధారంతో ఏమన్నారో చూడండి, పబ్‌మెడ్‌లో (వైద్య పరిశోధన పేపర్లు వెతికే సైట్) పాత పేర్లతో, కొత్త పేర్లతో రెండు రకాలుగానూ వెతకండి. పాత పేపర్లు పాత నంబర్‌తోనే దొరుకుతాయి కాబట్టి కొత్త నంబర్‌తో మాత్రమే వెతికితే "దీని గురించి ఎవరూ రాయలేదు" అనుకుని పప్పులో కాలేస్తారు.

తర్వాత నోమాడ్. 8 లక్షల మందికి పైగా జన్యు సమాచారం ఉన్న డేటాబేస్ అది, దక్షిణాసియా వాళ్లకు వేరే కాలమ్ కూడా ఉంటుంది. ఆ అంకె చూసి "చాలా అరుదు" అని రాసేయకండి. దక్షిణాసియా అన్న ఒక్క గంపలో లాహోర్ నుంచి లండన్ దాకా ఉన్నవాళ్లందరినీ కలిపేశారు, అందులో ఒక తెలుగు సమూహంలో మాత్రమే ఎక్కువగా ఉన్న మార్పు సగటులో కరిగిపోతుంది. బీసీహెచ్ఈ దీనికి సరైన ఉదాహరణ. సుమారు 10,000 మంది భారతీయుల జీనోమ్‌లు ఉన్న జీనోమ్ఇండియా డేటా ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌లో ఉంది, మీ గైడ్ ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాస్త సమయం పట్టే పని కాబట్టి ముందే మొదలుపెట్టండి.

చాట్‌జీపీటీ, జెమినై లాంటివి ఈ దశలో పనికొస్తాయా అంటే, వస్తాయి. అర్థం కాని పేపర్‌ని వివరించమనడానికి, పబ్‌మెడ్‌లో వెతకాల్సిన పదాలు సూచించమనడానికి, డౌన్‌లోడ్ చేసిన ఫైల్ చదివే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ రాయించుకోవడానికి హాయిగా వాడండి. రెఫరెన్సులు మాత్రం అడగొద్దు, అడిగినా ప్రతి ఒక్కటీ పబ్‌మెడ్‌లో తెరిచి, కనీసం అబ్‌స్ట్రాక్ట్ చదివి, మీరు చెప్పదలుచుకున్న మాట అందులో నిజంగా ఉందని చూశాకే పెట్టండి. లేని పేపర్‌కి ఉన్న రచయిత పేరు తగిలించి ఇవ్వడం వాటికి మామూలే. రాయించుకున్న ప్రోగ్రామ్‌ని కూడా జవాబు మీకు ముందే తెలిసిన ఒక చిన్న ఫైల్ మీద నడిపి చూడండి.

స్ట్రక్చర్: ముందు ప్రయోగంలో దొరికింది, తర్వాతే ఆల్ఫాఫోల్డ్

ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్ 2021 జులైలో వచ్చింది, 2022 నాటికి 20 కోట్లకు పైగా ప్రోటీన్ల అంచనాలు అందులో ఉన్నాయి, అందుకే చాలామంది నేరుగా అక్కడికే వెళ్తున్నారు. కానీ మీ ప్రోటీన్‌కి ఎక్స్‌రేతోనో క్రయో-ఈఎమ్‌తోనో చూసిన అసలు స్ట్రక్చర్ పీడీబీ అనే ప్రోటీన్ స్ట్రక్చర్ల డేటాబేస్‌లో ఉంటే అదే మీ మొదటి ఆధారం కావాలి. బీసీహెచ్ఈకి 2003లో వచ్చిన క్రిస్టల్ స్ట్రక్చర్ ఉంది, 1పీ0ఐ అని వెతకండి. దాన్ని డౌన్‌లోడ్ చేసి, ప్రోటీన్ ఆకారాన్ని తిప్పి చూపించే కైమెరాఎక్స్‌లో తెరవండి. ఇది చదువు, పరిశోధన పనులకు ఉచితం. ఈ ఫైల్‌లో పాత నంబర్లే ఉంటాయి, అంటే ఇక్కడ మాత్రం 307 అనే వెతకాలి. టేబుల్ పక్కన పెట్టుకోమన్నది ఇందుకే.

ఒక చిక్కుంది. క్రిస్టల్ రావడానికి వీలుగా వాళ్లు ప్రోటీన్ తోక కత్తిరించారు, చక్కెర గొలుసులు అంటుకునే చోట్లు కొన్ని మార్చారు. 529 తర్వాత భాగం అందులో లేదు. రక్తంలో ఈ ఎంజైమ్ ఎక్కువగా నాలుగు కలిసి ఒక గుంపుగా ఉంటుంది, ఆ నాలుగింటినీ పట్టి ఉంచేది ఆ తోకే. కాబట్టి మీ మార్పు తోకలో ఉంటే 1పీ0ఐ మీకు పనికిరాదు, 2018లో ప్రచురించిన క్రయో-ఈఎమ్ స్ట్రక్చర్ చూడాలి, అందులో నాలుగూ కలిసి కనిపిస్తాయి.

ఇప్పుడు ఆల్ఫాఫోల్డ్ మోడల్ కూడా తెరిచి రెండింటినీ ఒకదాని మీద ఒకటి పరచండి, కైమెరాఎక్స్‌లో మ్యాచ్‌మేకర్ ఆ పని చేస్తుంది. ఆల్ఫాఫోల్డ్ రంగులు అందానికి పెట్టినవి కాదు. ప్రతి అమైనో ఆమ్లానికీ 0 నుంచి 100 వరకు ఒక నమ్మకం స్కోరు ఉంటుంది: 90 దాటితే ముదురు నీలం, 70 నుంచి 90 లేత నీలం, 50 నుంచి 70 పసుపు, 50 కంటే తక్కువైతే నారింజ. మీ మార్పు ఉన్న చోటు నారింజలో ఉందంటే అక్కడ కనిపించే మెలికకి అర్థం లేదు, చాలాసార్లు ఆ భాగానికి నిజంగానే స్థిరమైన ఆకారం ఉండదు. దానితో పాటు పీఏఈ అనే చదరపు పటం ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు, మీరు చూడండి. రెండు భాగాలు విడివిడిగా బాగున్నా ఒకదాని పక్కన ఇంకొకటి ఎక్కడ ఉందన్నది నమ్మొచ్చా లేదా అన్నది అది చెప్తుంది. బీసీహెచ్ఈ తోక ఒక్క గొలుసు మోడల్‌లో ఎటువైపు తిరిగి కనిపించినా దాని మీద కథ అల్లకండి, అసలు ప్రోటీన్‌లో దాని చోటు మిగతా మూడు గొలుసుల మధ్యన.

మార్పు పెట్టి చూడటం, అంతకంటే ముందు కంట్రోల్స్

ఎక్కువమంది ఇక్కడ చేసే పని: సీక్వెన్స్‌లో ల్యూసిన్ తీసి ప్రోలిన్ పెట్టి, ఆల్ఫాఫోల్డ్‌ని బ్రౌజర్‌లోనే నడిపించే కోలాబ్‌ఫోల్డ్‌లో మళ్లీ నడుపుతారు. కొత్త స్ట్రక్చర్ పాతదానిలాగే వస్తుంది. "తేడా ఏం లేదు, కాబట్టి మార్పు ప్రమాదం కాదు" అంటారు. ఇది తప్పు. ఆల్ఫాఫోల్డ్‌ని ఒక్క అక్షరం మార్పు ప్రభావం చెప్పడానికి చేయలేదు. అది ఎన్నో జీవుల్లోని బంధువు ప్రోటీన్ల వరుసలు పక్కపక్కన పెట్టుకుని ఆకారం ఊహిస్తుంది. ఆరొందల అక్షరాల్లో ఒకటి మారితే ఆ ఊహ పెద్దగా కదలదు, ప్రయోగశాలలో ఆ ప్రోటీన్ మడతే పడకపోయినా సరే.

మరి ఏం చేయాలి? స్థిరత్వం ఎంత తగ్గుతుందో అంచనా వేసే టూల్స్ వేరే ఉన్నాయి: ఫోల్డ్‌ఎక్స్, డైనామ్యుట్2 లాంటివి. అవి కిలోక్యాలరీల్లో ఒక అంకె ఇస్తాయి. ఆ అంకెలో ఎంత లేదన్నా కిలోక్యాలరీ దాకా అటూ ఇటూ తప్పు ఉంటుంది, కాబట్టి 0.4 వచ్చిందా 0.7 వచ్చిందా అని తలబద్దలు కొట్టుకోవడం దండగ. రెండు టూల్స్ గుర్తుల్ని ఉల్టా కూడా చూపిస్తాయి, ఒకదాంట్లో ప్లస్ అంటే చెడు, ఇంకోదాంట్లో మైనస్ అంటే చెడు, హెల్ప్ పేజీ చదవకుండా టేబుల్ వేయకండి.

అసలు మాట ఇప్పుడు చెప్తున్నాను. తెలియని మార్పు మీద టూల్ నడిపే ముందు, జవాబు తెలిసిన మార్పుల మీద నడపండి. తడి ల్యాబ్‌లో కంట్రోల్ లేకుండా జెల్ నడిపితే గైడ్ ఊరుకుంటారా? కంప్యూటర్‌కి మాత్రం ఎందుకు మినహాయింపు? బీసీహెచ్ఈకి అలాంటివి చక్కగా రెండున్నాయి.

మొదటిది ఎటిపికల్ వేరియంట్: 70లో ఆస్పార్టేట్ బదులు గ్లైసిన్, కొత్త లెక్కలో 98. సక్సినైల్‌కోలిన్ ఇచ్చాక ఊపిరి ఆగిపోయే రోగుల్లో ఎన్నో దశాబ్దాలుగా తెలిసిన మార్పు ఇది. రెండోది కే-వేరియంట్: 539లో అలనిన్ బదులు థ్రియోనిన్, కొత్త లెక్కలో 567. ఇది చాలామందిలో ఉంటుంది, ఎంజైమ్ పని సుమారు 30 శాతం తగ్గుతుంది, ఇదొక్కటే ఉన్నవాళ్లకు సాధారణంగా పెద్ద ఇబ్బంది రాదు.

ఇప్పుడు స్థిరత్వం టూల్‌లో ఆస్పార్టేట్ 70 మార్పు పెట్టి చూడండి, వచ్చే అంకె భయంకరంగా లేకపోతే ఆశ్చర్యపోకండి. ఎందుకంటే ఈ మార్పు ప్రోటీన్‌ని కూలదోయదు. ఈ ఎంజైమ్‌లో మందు విరిగే చోటు సుమారు 20 ఆంగ్‌స్ట్రామ్‌ల లోతున్న సన్నటి బావి అడుగున ఉంటుంది, ఆస్పార్టేట్ 70 ఆ బావి అంచున కూర్చుని తన నెగటివ్ చార్జ్‌తో, పాజిటివ్ చార్జ్ ఉన్న సక్సినైల్‌కోలిన్‌ని లోపలికి రప్పిస్తుంది. గ్లైసిన్‌కి చార్జ్ లేదు. బావి అలాగే ఉంది, పిలిచేవాడే లేడు. కైమెరాఎక్స్‌లో ఆస్పార్టేట్ 70 నుంచి సెరిన్ 198 దాకా గీత గీసి ఒకసారి తిప్పి చూడండి, ఏ స్కోరూ చెప్పని విషయం కంటికి కనిపిస్తుంది. స్థిరత్వం అంకె ఒక్కటే నమ్ముకునేవాళ్లు, మనిషిని వెంటిలేటర్ మీదికి తెచ్చే మార్పుని "పర్వాలేదు" అని రాసేస్తారు.

ఇక ల్యూసిన్ 307. ప్రోలిన్‌ని అక్కడ పెట్టి చుట్టూ ఏముందో చూడండి: ఆ ల్యూసిన్ లోపల దాక్కుని ఉందా, బయట నీళ్ల వైపు ఉందా, దాని వెన్నెముకలోని నైట్రోజన్ ఎవరితోనైనా హైడ్రోజన్ బంధం కట్టిందా. ప్రోలిన్‌కి ఆ బంధానికి ఇవ్వడానికి హైడ్రోజనే ఉండదు, పైగా దాని ఉంగరం గొలుసుని తిరగనివ్వదు. అందువల్ల ల్యూసిన్ నుంచి ప్రోలిన్ అనగానే స్థిరత్వం వైపు అనుమానం రావడం సహజం. అది అనుమానంగానే రాసుకోండి.

స్కోర్లు చదవడం

ఆల్ఫామిస్సెన్స్ 2023లో వచ్చింది, మనిషి ప్రోటీన్లలో ఒక్క అక్షరం మార్పులు సాధ్యమైనవి సుమారు 7.1 కోట్లకు స్కోర్లు ఇచ్చింది. 0.34 కంటే తక్కువైతే బహుశా హాని లేదని, 0.564 దాటితే బహుశా హానికరమని, మధ్యలో ఉంటే తేల్చలేమని. ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్ పేజీలోనే చూడొచ్చు. మన మూడు మార్పులూ (98, 335, 567) చూసి పక్కపక్కన రాసుకోండి. ఇలాంటి అంచనాలే ఇచ్చే సిఫ్ట్, పాలీఫెన్, రెవెల్, క్యాడ్ కూడా చూడొచ్చు, అయితే అయిదింటిలో నాలుగు హానికరం అన్నాయి కాబట్టి 80 శాతం ఖాయం అని లెక్క కట్టకండి. వీటిలో చాలావరకు ఒకే పరిణామ సమాచారం మీద నిలబడ్డవి, ఒకే సాక్షిని నాలుగు సార్లు పిలిచి నలుగురు సాక్షులు అంటే కోర్టు ఒప్పుకోదు కదా. రెవెల్ లాంటివి ఇప్పటికే పేరుపడ్డ రోగ మార్పుల మీద నేర్చుకున్నవి, అదే మార్పుల మీద వాటిని పరీక్షిస్తే మంచి మార్కులు రావడం సహజం.

మందుల జీన్ల విషయంలో ఇంకో జాగ్రత్త. ఈ స్కోర్లు పైకి ఏ పేరుతో ఉన్నా అడుగున చూసేది ఎక్కువగా పరిణామాన్నే: ఈ స్థానం లక్షల ఏళ్లుగా మారకుండా ఉందా అని. బీసీహెచ్ఈ అసలే లేకపోయినా మనిషి మామూలుగా బతుకుతాడు, సక్సినైల్‌కోలిన్ వాడకం 1950ల నాటిది, పరిణామానికి దాని సంగతే తెలియదు. అందువల్ల ఈ రకం జీన్లలో తక్కువ స్కోరు వచ్చినంత మాత్రాన "మందు దగ్గర ఇబ్బంది లేదు" అనడానికి వీల్లేదు. 2015 నాటి అమెరికన్ క్లినికల్ జెనెటిక్స్ మార్గదర్శకాల్లో కూడా కంప్యూటర్ అంచనాకి ఊతమిచ్చే ఆధారం స్థాయే ఇచ్చారు, ఒంటరిగా తీర్పు చెప్పే స్థాయి ఇవ్వలేదు.

డాకింగ్ (ఒక అణువు ప్రోటీన్‌లో ఎక్కడ, ఎలా కూర్చుంటుందో కంప్యూటర్‌లో అంచనా వేయడం) గురించి కొద్దిగా. ఆటోడాక్ వైనాతో సక్సినైల్‌కోలిన్‌ని బావిలో పెట్టి చూడటం మంచి వ్యాయామమే. కానీ మామూలు ప్రోటీన్‌కి మైనస్ 6.1, మార్పు ఉన్నదానికి మైనస్ 5.8 వచ్చిందని "బంధం బలహీనపడింది" అని రాస్తే రివ్యూయర్ తిప్పికొడతారు, వైనా అంచనాలో తప్పే 2 నుంచి 3 కిలోక్యాలరీలు ఉంటుంది. ముందు క్రిస్టల్‌లో నిజంగా ఉన్న అణువుని తీసి మళ్లీ డాక్ చేసి, అసలు చోటుకి 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు వస్తేనే ముందుకెళ్లండి.

రోగి వివరాలు

టెన్షన్ పెట్టడానికి కాదు గానీ, ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. రోగి పేరు, ఆస్పత్రి నంబర్, ఊరు, కులం ఉన్న రిపోర్ట్‌ని ఫొటో తీసి చాట్‌బాట్‌లో పెట్టి "ఇదేంటో చెప్పు" అనకండి. ఇలాంటి జన్యు మార్పు ఒక్క మనిషిది కాదు, అక్కచెల్లెళ్లది, పెద్దనాన్న పిల్లలది కూడా. 2023లో ఐసీఎంఆర్ బయోమెడికల్ పరిశోధనలో కృత్రిమ మేధ వాడకం మీద నైతిక మార్గదర్శకాలు విడుదల చేసింది, అదే ఏడాది డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. రెండూ చదవండి, ఎథిక్స్ కమిటీకి పెట్టే దరఖాస్తులో ఏ టూల్‌కి ఏ సమాచారం ఇస్తారో విడిగా రాయండి. టూల్స్‌కి నిజానికి కావాల్సింది ప్రోటీన్ పేరు, స్థానం, రెండు అక్షరాలు, అంతకుమించి ఏదీ అక్కర్లేదు.

ఇంకోటి, ప్రతి టూల్ వెర్షన్, వాడిన తేదీ, ఇచ్చిన ఇన్‌పుట్ ఒక ఫైల్‌లో రాసిపెట్టుకోండి. వెబ్‌సర్వర్లు చెప్పాపెట్టకుండా మారిపోతాయి, ఏడాది తర్వాత వైవాలో అడిగితే అదే అంకె మళ్లీ రాకపోవచ్చు.

బెంచ్ దగ్గరికి తీసుకెళ్లడం

కంప్యూటర్ పని ఇక్కడితో అయిపోయింది, ఇప్పుడు అది ప్రయోగంగా మారాలి. బీసీహెచ్ఈకి ప్రయోగం అందుబాటులోనే ఉంది: బ్యూటిరిల్‌థయోకోలిన్‌ని ఎంజైమ్ విరగ్గొడితే వచ్చే పదార్థం డీటీఎన్‌బీతో కలిసి పసుపు రంగు ఇస్తుంది, 412 నానోమీటర్ల దగ్గర ఆ పసుపు ఎంత వేగంగా పెరుగుతుందో చూడాలి. మామూలు స్పెక్ట్రోఫోటోమీటర్ ఉన్న ఏ కాలేజీ ల్యాబ్‌లోనైనా చేయొచ్చు. దానితో పాటు డిబుకైన్ నంబర్, 1957 నుంచి వాడుతున్న పరీక్ష: డిబుకైన్ కలిపితే ఎంజైమ్ పని ఎంత శాతం ఆగుతుందో చూస్తారు, మామూలు ఎంజైమ్‌కి 80 దగ్గర, ఎటిపికల్ రెండు కాపీలూ ఉన్నవాళ్లకి 20 దగ్గర వస్తుంది. ఈ రెండు పరీక్షలు మీరు మొదట రాసుకున్న రెండు ప్రశ్నలకీ సరిపోతాయి. ప్రోటీనే నిలబడకపోతే మొత్తం పసుపే రాదు లేదా చాలా తక్కువ వస్తుంది, అప్పుడు డిబుకైన్ నంబర్‌కి పెద్దగా అర్థం ఉండదు. ప్రోటీన్ ఉండి పట్టు తప్పితే పసుపు వస్తుంది, నంబర్ మారుతుంది.

రక్తం నమూనాతో చేస్తుంటే పురుగుమందు సంగతి తప్పకుండా అడగండి. ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఈ ఎంజైమ్‌ని పడగొడతాయి, మన జిల్లాల్లో పత్తి, మిర్చి చేలల్లో మందు కొట్టి వచ్చినవాళ్లకు జన్యువులో ఏ లోపం లేకపోయినా విలువ తక్కువ రావచ్చు. లివర్ జబ్బులో, గర్భంతో ఉన్నప్పుడు కూడా తగ్గుతుంది. ఇది రెండో వైపు నుంచి కూడా నిజం: పుట్టుకతోనే ఎంజైమ్ లేని మనిషిని క్యాజువాలిటీకి తీసుకొస్తే ఆ ఒక్క రిపోర్ట్ చూసి పురుగుమందు తాగాడేమో అనుకునే ప్రమాదం ఉంది.

నమూనా ఇచ్చిన కుటుంబానికి మీరు నేరుగా ఫలితం చెప్పకండి, అది డాక్టర్ పని, గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో మళ్లీ పరీక్ష చేయించాకే. అప్పుడు వాళ్లకు కావాల్సింది చిన్న కాగితం ఒక్కటే, ఏ ఆపరేషన్‌కి వెళ్లినా మత్తు డాక్టర్‌కి ముందుగా చూపించడానికి. సక్సినైల్‌కోలిన్‌కి బదులు రోక్యురోనియం లాంటి మందులున్నాయి, ముందే తెలిస్తే డాక్టర్ దారి మార్చుకుంటారు.

చివరిగా ల్యాబ్‌లో ప్రయోగం చేసేవాళ్లకు మీరు రాసే మెయిల్. "ఏఐ హానికరం అంది, పరీక్షించండి" అని కాకుండా ఇలా రాయండి: "ల్యూసిన్ 307 ప్రోలిన్ (యూనిప్రాట్ లెక్కలో 335). స్థిరత్వం దెబ్బతింటుందని మా అనుమానం. అదే టూల్‌లో ఆస్పార్టేట్ 70 గ్లైసిన్, అలనిన్ 539 థ్రియోనిన్ కూడా నడిపాం, ఫలితాలు జతచేశాం. 539 భాగం 1పీ0ఐలో లేదు కాబట్టి దానికి వేరే స్ట్రక్చర్ వాడాం. అదే కణాల్లో మామూలు ప్రోటీన్, ఈ మూడు మార్పులు కలిపి నాలుగూ తయారుచేసి, ముందు ప్రోటీన్ పరిమాణం, తర్వాత 412 దగ్గర పని, ఆ తర్వాత డిబుకైన్ నంబర్ చూడగలరా? 307కి ప్రోటీన్ మామూలు మోతాదులోనే వస్తే మా అనుమానం తప్పు."

ఆ ఆఖరి వాక్యం మాత్రం కొట్టేయకండి.